నేల మీద పెట్టిన పానా

మొన్న పొద్దున మా మనవరాలు కారు షెడ్డులో గోనెపట్టా పరుచుకుని కూర్చుని, ఎవరో ఇంటికి తెచ్చిచ్చిపోయిన అట్టపెట్టెలోంచి కొత్త పనిముట్లు ఒక్కొక్కటే బయటికి తీస్తూ ఉంది. దాని స్కూటరు వెనక చక్రం దగ్గర ఏదో వదులైందట, మెకానిక్కు దగ్గరికి పోకుండా తనే బిగించుకుంటుందట. నేను తులసికి నీళ్లు పోసి అటుగా వస్తుంటే, "అవ్వా, ఇది కొంచెం పట్టుకో" అని తళతళలాడే పానా ఒకటి నా వైపు చాచింది. నా చెయ్యి ముందుకు పోలేదు. నా ప్రమేయం లేకుండానే వేలు నేల వైపు చూపించింది. "కింద పెట్టేదెందుకవ్వా, నువ్వు ఈడే ఉండావు కదా" అని ఆ పిల్ల నవ్వింది.

నా ఈడువాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కరలేదు. ఇనుము చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, ఇస్తే ఆ ఇద్దరికీ పోట్లాట వస్తుంది. కొడవలి కానీ, కత్తిపీట కానీ, ఆఖరికి సూది కానీ, ఒకరు నేల మీద పెట్టాలి, ఇంకొకరు ఎత్తుకోవాలి. మన ఇళ్లన్నిటిలోనూ ఉన్నదే. అయితే మా నాయన దీన్ని పాటించినంత గట్టిగా పాటించినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ పిల్ల నవ్వుతుంటే నేనూ నవ్వాను కానీ, నా మనసు మాత్రం అప్పటికే కంబదూరు పక్కన ఉన్న మా పల్లెకు, అక్కడి మా బండి కొట్టంలోకి పోయి కూర్చుంది.

నాయన పెళ్లి కాకముందు కొన్నాళ్లు బళ్ళారిలో బస్సుల షెడ్డులో పని నేర్చుకున్నాడు. వాళ్ల నాయన, మా జేజినాయన, పోయాక సేద్యం చూసుకోవడానికి ఇల్లు చేరాడు కానీ, చేతికి అంటిన ఆ నూనె వాసన మాత్రం వదిలిపెట్టలేదు. బండి కొట్టంలో ఒక పక్క ఎద్దులుంటే ఇంకో పక్క ఆయన పనిముట్లు ఉండేవి. ఊళ్లో సైకిలు కదలకపోయినా, బావి గిలక కిర్రుమన్నా, లాంతరు మర పట్టేసినా అక్కడికే వచ్చేది. తరవాత తరవాత వాన మీద నమ్మకం పోయి, బావిలో నీళ్లు ఎద్దులు లాగే కపిలకు అందనంత లోతుకు దిగిపోయిన కాలంలో, వాడేసిన ఆయిల్ ఇంజను ఒకటి కొని తెచ్చి బావి గట్టున నిలబెట్టాడు.

నన్ను బడికి పంపలేదు. బడి పక్క ఊళ్లో ఉండేది, ఆడపిల్లను అంత దూరం నడిపించడం అమ్మకు ఇష్టం లేదు. అక్కకు చదువు మీద ధ్యాస లేదు కాబట్టి ఆమెకు ఆ కొరత తెలియలేదు. నేను ఏడుస్తుంటే చూడలేక నాయనే కొట్టంలో కూర్చోబెట్టి, బండి పలక మీద సుద్దముక్కతో అ ఆలు దిద్దించాడు. లెక్కలు మాత్రం పానాల మీదే నేర్చుకున్నాను. ఒక్కొక్క పానా మీద దాని కొలత చెక్కి ఉంటుంది కదా, అరంగుళం పెద్దదా, అంగుళాన్ని పదహారు పాళ్లు చేస్తే అందులో ఏడు పాళ్లు పెద్దదా అని అడిగేవాడు. మొదట్లో ఏడు పెద్ద అంకె కదా అని తప్పు చెప్పేదాన్ని. ఆయన తిట్టేవాడు కాదు, రెండూ నా ముందు నేల మీద పెట్టి నట్టుకు తొడిగి చూసుకోమనేవాడు. ఈనాటికీ నేను రామాయణం చదువుకుని కళ్లకద్దుకుంటున్నానంటే, ఆ కొట్టం పెట్టిన భిక్షే. దేవుడు నాకిచ్చిన గురువు మా నాయన. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తరవాత చెప్పబోయేది చదివి ఆయన్ను మీరు తక్కువ చేయకూడదు.

ఒక ఏడు ఇంజను బెల్టులో ఆయన కుడి చెయ్యి పడింది. ప్రాణం దక్కింది, ఆ కదిరి నరసింహస్వామి దయ. కానీ మూడు వేళ్లు మళ్లీ వంగలేదు. పానా పట్టు దొరకదు, సుత్తి జారిపోతుంది. అప్పటినుంచి ఆయన చెయ్యి నేనయ్యాను. ఆయన రాతిదిమ్మ మీద కూర్చుని చెప్పేవాడు, కావలసిన పనిముట్టు ఎడమ చేత్తో తీసి నా ముందు నేల మీద పెట్టేవాడు, నేను ఎత్తుకుని పని చేసేదాన్ని. బయట ఎవరైనా దగ్గిన చప్పుడైతే మాత్రం పనిముట్టు కింద పెట్టేసి చీపురు అందుకునేదాన్ని. ఆయన వంగి పానా తీసుకునేవాడు. ఇలా చెయ్యమని ఆయన నాకు చెప్పలేదు, చెయ్యొద్దనీ చెప్పలేదు. పెళ్లీడుకు వస్తున్న పిల్ల నూనె మరకలతో ఇంజను కింద దూరుతుందంటే నలుగురూ ఏమంటారో నాకూ తెలుసు. వచ్చినవాళ్లు చెయ్యి అట్లయినా పనితనం తగ్గలేదని ఆయన్ను మెచ్చుకుంటుంటే, చెత్త ఊడుస్తూ నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

పాత పానాల పళ్లు అరిగిపోతే కొత్త జత కోసం బళ్ళారికి పోయినప్పుడు నన్నూ వెంట తీసుకుపోయాడు. పాత ఇనుము అమ్మే సాయిబు అంగడి, రోడ్డు మీదికి పరిచిన గోనెల మీద కుప్పలుగా సామాను. నాయన జేబులో వేసుకొచ్చిన నట్టు తీసి ఒక్కొక్క పానాకు తొడగడం, రాయి మీద తట్టి మోత వినడం, ఆ మోత బొంగురుగా ఉంటే లోపల చీలిక ఉన్నట్టని పక్కన పెట్టడం, నట్టుకూ పానాకూ మధ్య సందు ఎంతుందో చూసి నా వైపు తిరగడం, నేను కనురెప్ప వాలిస్తేనే తీసుకోవడం. ఇదంతా చూసి చూసి సాయిబు ఓపిక నశించి, "ఏమప్పా, పానా కొంటాండావా, పెండ్లికూతుర్ని చూస్తాండావా? ఇంకా పాట పాడమంటావా దాన్ని?" అన్నాడు. నాయన తడుముకోకుండా "పాడుతాది సాయిబూ, మంచిదైతే పాడుతాది. నీ కాడ సగానికి గొంతే లేదు" అని ఇంకో పానా రాయి మీద కొట్టాడు. అది గుడి గంటలా మోగింది. సాయిబుతో సహా అందరం నవ్వాం.

వచ్చేటప్పుడు బస్సులో ఆ మూట నా కాళ్ల దగ్గర పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నాయన అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "నా తరవాత ఈ పెట్టె నీదేనే పాపా. ఇంగెవురికిచ్చినా నాకు మనసొప్పదు." నేను అడగలేదు. ఆయనే అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పెట్టెను నేను పూజసామానులా చూసుకున్నాను. కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, తుప్పు పట్టకుండా నూనె రాసి, దేని గూట్లో దాన్ని సర్ది, మూత వేశాక కళ్లకద్దుకునేదాన్ని.

ఆ మరుసటేటి దసరాకు అక్కా బావా వచ్చారు. బావకు ఉన్న పని పోయింది, గోరంట్లలో సైకిళ్ల అంగడి పెట్టుకుంటానని చెప్పుకుంటున్నాడు. ఆయుధపూజ నాడు నేనే పానాలన్నీ వరసగా పేర్చి పసుపు కుంకాలు పెట్టి, బంతిపూలు చుట్టాను. ఆ రోజు వాటిని కదిలించకూడదు కాబట్టి మరునాడు, విజయదశమి నాడు, మళ్లీ పెట్టెలో సర్దుకున్నాను. భోజనాల దగ్గర అమ్మ నా విస్తట్లో అడగకుండానే ఇంకో పూర్ణం ఓళిగ వేసి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

భోజనాలయ్యాక చిన్నాయనా, చుట్టుపక్కలవాళ్లూ పడసాలలో కూర్చుని ఉండగా నాయన నన్ను పిలిచి, "పాపా, పెట్టె తెచ్చి ఈడ పెట్టు" అన్నాడు. దశమి నాడు కొత్తగా పని మొదలుపెడతారు కదా, బావకు ఏదో చూపించబోతున్నాడనుకుని, ఎత్తలేక ఎత్తలేక పొట్టకు ఆనించుకుని తెచ్చి, ఆయన చూపించిన చోట బావ ముందర నేల మీద పెట్టాను. నాయన బావతో "ఎత్తుకో అల్లుడా. ఆడపిల్ల చేతి చలవ, నీ అంగడి బాగా జరుగుతాది" అన్నాడు.

బావ ఎత్తుకున్నాడు. అంతే, అయిపోయింది. ఇనుము కింద పెట్టినవాళ్లు ఇచ్చినవాళ్లు, ఎత్తుకున్నవాళ్లు పుచ్చుకున్నవాళ్లు. పదిమంది ముందర నా పెట్టెను నా చేతులతోనే నేను ఇచ్చేశాను. అక్క నా రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుని, "నువ్వే ముందుకొచ్చి ఇస్తాండావని నాయన చెప్పినాడే, నీ రుణం తీర్చుకోలేను" అంది. అమ్మకు తెలుసు, అక్కకు తెలుసు, బావకు తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. వంగని వేళ్లను పైపంచె కింద దాచుకుని నాయన మాత్రం నా వైపు చూడలేదు.

అక్కకు కష్టం వచ్చింది, పెట్టె ఇచ్చాడు, సరే. అడిగి ఉంటే నేను కాదని ఉండేదాన్నా? ఏడ్చి అయినా ఇచ్చి ఉండేదాన్ని. కానీ అప్పుడు చిన్నాయన తమలపాకు నములుతూ, "మంచి పని చేసినావన్నా. ఆడపిల్లలు పానాలేం చేసుకుంటారు, పప్పు ఎనుపుకుంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు. నవ్వి, "అవునప్పా, ఈళ్లకు ఏది పానానో ఏది పట్టకారో యాడ తెలుస్తాది" అన్నాడు.

పెట్టె పోయినందుకు కాదు, ఆ మాటకు నేను లోపలికి పోయి దేవుడి గూటి ముందు కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. ఆయన చెయ్యిగా ఉన్న నా చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ ఉండిపోయాను. గోళ్ల సందుల్లో నూనె నలుపు అట్లాగే ఉంది, పక్కనే పండగ గోరింటాకు.

ఎండాకాలం వచ్చింది. బావి కింద రాగిపైరు వెన్ను తీసిన సమయంలో ఇంజను ఆగిపోయింది. ఆ ఏడు మా ఇంటిల్లిపాది తిండి ఆ మడిలోనే ఉంది. నాయన ఎవరిదో పానా తెచ్చి ఎడమ చేత్తో ప్రయత్నించాడు, సరిపోని పానా జారి నట్టు అంచులు గీసుకుపోయాయి. ఇంకొకసారి జారితే ఆ నట్టు ఎవరి చేతికీ రాదు. ఆయన బస్సెక్కి గోరంట్లకు పోయి, మరునాడు ఒకే ఒక్క పానా తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. దాని పిడికి బావ తన అంగడి గుర్తుగా ఎర్రరంగు పూసుకున్నాడు. నాయన దాన్ని నా ముందు, ఇంజను దగ్గర మట్టిలో పెట్టి, బావిలోకి చూస్తూ నిలబడ్డాడు.

వెంటనే ఎత్తలేదు నేను. జీవితంలో ఆయనకు నేను చేసిన ఎదురు అదొక్కటే, కాసేపు ఆ పానాను మట్టిలో ఉండనిచ్చాను. తరవాత తల వాల్చేసిన పైరు కనపడింది. స్వామీ అనుకుని ఎత్తుకున్నాను. ఎండకు కాలిన నేల మీద పడి ఉందేమో, చెయ్యి చురుక్కుమంది. ఆయిలు గొట్టంలో గాలి పట్టిందని నాకు అనుమానంగానే ఉంది. పంపు దగ్గర నట్టు కొంచెం వదులు చేస్తే నురగ నురగగా కారింది, నురగ పోయి తేటగా వచ్చేదాకా ఆగి బిగించాను. హ్యాండిలు ఎడమ చేత్తో నాయనే తిప్పాడు, నేను అదును చూసి మీట వేశాను. ఇంజను దడదడమని అందుకుంది. నీళ్లు కాలువలో పడ్డాయి. దూరంగా అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడని నేను ఆయన మొహం చూశాను. తువ్వాలుతో మొహం తుడుచుకుని గట్టు దిగిపోయాడు.

ఆ సాయంత్రం నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతుంటే, అరుగు మీద ఎవరో "ఏమన్నా, ఇంజను మళ్లీ నడుస్తాండాదే! ఎవురు చేసిరి?" అని అడగడం, నాయన "ఎవురు చేస్తారప్పా, నేనే. గాలి పట్టింటే తీసేస్తి" అనడం వినపడింది. మునుపు ఇలాంటి మాటకు మురిసిపోయినదాన్నే. ఆ రోజు సంగటి కట్టె చేతిలో అట్లాగే నిలిచిపోయింది, అడుగంటిన వాసనకు అమ్మ వచ్చి కుండ దించింది. తెల్లారి ఆ పానా కూడా గోరంట్లకు తిరిగిపోయింది.

నాకు పెళ్లయింది, మంచివారి ఇంట్లో పడ్డాను, దేవుడు పిల్లాపాపలనిచ్చాడు. తలుపు బందు వదులైతే చాకు మొనతో బిగించుకున్నానే కానీ, ఒక్క పానా నా కోసం కొనుక్కోలేదు. బావ అంగడి కొన్నేళ్లు నడిచి మూతపడ్డాక ఆ పెట్టెను పాత ఇనుముకింద తూకానికి వేసేశారని అక్క మాటల సందర్భంలో చెప్పింది. నాయనతో ఆ మాట నేను ఎప్పుడూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. తండ్రీకూతుళ్లంటే వాళ్లేనని, ఒక్క మాట పట్టింపు ఎరగరని మా చుట్టాలు ఈనాటికీ చెప్పుకుంటారు. నిజమే. నేర్పించినందుకు రోజూ ఆయన పేరు తలుచుకుని దీపం పెడతాను. ఆ దీపం ముందరే పడసాలలో ఆయన నవ్విన ఆ నవ్వు కూడా గుర్తుకొస్తుంది, ఏం చెయ్యను?

షెడ్డులో మనవరాలు ఇంకా చెయ్యి చాచుకునే ఉంది. "చేతికిస్తే పోట్లాట వస్తుందే" అన్నాను. "వస్తే రానీలే అవ్వా, ఎవురు గెలుస్తారో చూస్తాం" అని పానాను నా అరచేతిలో పెట్టేసింది. అది వెచ్చగా ఉంది, దాని చేతి వెచ్చదనం. అన్నేళ్లు పానాలు పట్టాను కానీ, నాకు తెలిసిందంతా నేల వేడి, నేల చలువ. నాయన అరచేతి వెచ్చదనం ఏ పానా మీదా నాకు తెలియలేదు.

ఈ కాలం పిల్లలు అన్నీ చేతికే ఇచ్చుకుంటారు, మధ్యాహ్నానికి గట్టిగా అరుచుకుంటారు, సాయంత్రానికి ఒకే పళ్లెంలో తింటారు. మనం పోట్లాట రాకూడదని అన్నిటినీ జాగ్రత్తగా నేల మీద పెట్టుకుంటూ వచ్చాం. రాలేదు. మా నాయనతో నాకు ఒక్కటంటే ఒక్క పోట్లాట కూడా రాకుండానే ఆయన వెళ్లిపోయాడు.