తామర తొట్టిలో నా ఇంటర్వ్యూ

ఆ వయసులో అలసట అనేది పెద్దవాళ్ళ జబ్బనీ, మనదాకా రాదనీ నా నమ్మకం. అందుకే బ్యాంకాక్‌లో ఒక రొయ్యల కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మన్నప్పుడు, ముందురోజు సెలవు పెట్టి నిద్రపోవాలన్న ఆలోచనే రాలేదు. తోటపల్లి గూడూరు అవతల సముద్రపు ఒడ్డున మా హ్యాచరీలో (రొయ్య పిల్లల్ని పుట్టించి చెరువులవాళ్ళకి అమ్మే చోటు, నేనక్కడ టెక్నీషియన్ని) తెల్లవార్లూ పిల్లల్ని నీళ్ళ సంచుల్లోకి ఎక్కించి, ఆ ఉప్పు చేతులతోనే ఆటో ఎక్కి, నెల్లూరులో రైలెక్కి, చెన్నైలో విమానం ఎక్కాను. ఇన్ని ఎక్కినవాడికి తలకి మాత్రం ఏమీ ఎక్కడం లేదు. పైగా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మరీ బయల్దేరాను. (పిలిచారంటే ఇచ్చినట్టేనని ఆ వయసుకి ఇంకో నమ్మకం.) ఇక్కడ కాదంటే నాకు అక్కడా లేదు.

విమానాశ్రయానికి ఏరియేటర్ అన్న వచ్చాడు. చెరువులో నీళ్ళని చిలికి గాలి పట్టించే యంత్రంలాగా ఆయన నోరు ఆగదు కాబట్టి, మా హ్యాచరీలో ఉన్నప్పుడే ఆ పేరు స్థిరపడింది. ఈ కంపెనీలో చేరి నాకు మాట సాయం చేసింది కూడా ఆయనే. మాటలకేం కొదవ!

"ఏం అబ్బయా, మొగం అట్ట పీక్కపోయుండాదే! తిన్నావా?"

"తిన్నానన్నా. యాడన్నా కాసేపు పండుకుంటే చాలు."

"పండుకునేది గిండుకునేది తర్వాత. ఇంటర్వ్యూ చేసే మేడం సాయంత్రం ఊరికి పోతా ఉండాది, ఇప్పుడే తీసకరమ్మనింది. నేను చెప్పబట్టే నిన్ను పిలిచినారు. నా పరువు నీ చేతుల్లో ఉండాది, చూసుకో!"

ఆ మహానగరం గురించి ఏదైనా రాయాలని ఉంది కానీ నేను చూసింది తక్కువ. సిగ్నల్ పడ్డప్పుడల్లా నా తల అన్న భుజం మీద పడేది. మధ్యలో కళ్ళు తెరిస్తే బోర్డుల మీద గుండ్రటి అక్షరాలు దూరపు చుట్టాల్లాగా కనిపించాయి. ఆశగా పలకరించబోతే, నువ్వెవరన్నట్టు చూశాయి.

కంపెనీ ఆఫీసు ఒక తోటలో ఉంది. అన్న గేటు దగ్గర కాపలా మనిషితో మాటల్లో పడ్డాడు. నేను ముందు నడిచాను. గుమ్మం ముందు, నేలకి సమానంగా, చిన్న నీళ్ళ తొట్టి ఉంది. నీళ్ళు గులాబీ రంగులో కనిపించాయి. ఇక్కడ మా హ్యాచరీ అలవాటొకటి చెప్పాలి. బయటి రోగాలు రొయ్య పిల్లలకి అంటకుండా ప్రతి గుమ్మం ముందూ గులాబీ రంగు మందునీళ్ళ తొట్టి ఉంటుంది. కాళ్ళు బాగా నానేదాకా అందులో నిలబడనిదే ఓనరునైనా లోపలికి రానివ్వం. నా బుర్ర నిద్రపోతున్నా కాళ్ళు డ్యూటీలోనే ఉన్నాయి. బూట్లు, సాక్సులు విప్పి, కొత్త ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, టై సర్దుకుని తొట్టిలో దిగాను. చల్లగా, హాయిగా ఉంది. వేళ్ళ దగ్గర ఏదో గిలిగింత. మందు బాగా పట్టుకుంటోందనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఒరే అబ్బయా! ఏంది నువ్వు చేసిన పని!"

కళ్ళు తెరిచాను. ఎదురుగా ఒక పెద్దావిడ, మేడమే అయ్యుండాలి, ఆవిడ వెనక ఆఫీసంతా. ఇటు పక్క అన్న, జీవితంలో మొదటిసారి మాటలు వెతుక్కుంటూ. కిందికి చూశాను. గులాబీ రంగు నీళ్ళది కాదు, తామర రేకులది. గిలిగింత మందుది కాదు, మేడం ముచ్చటపడి పెంచుకుంటున్న చిన్నచిన్న చేపలది. అన్న పరువు నా చేతుల్లో ఉందన్నాడు గానీ, అది నా కాళ్ళ కింద ఉంది.

ఆవిడ వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అడిగింది.

"కాళ్ళకేమన్నా మందు గిందు పూసుకోనుండావా అంటా ఉండాది. చేపలు చస్తాయని ఆమె భయం."

"లేదన్నా," అన్నాను నిద్రగొంతుతో. "మందులోనే నిలబడుండాననుకున్నా."

అన్న నా వంక చూసి, తొట్టి వంక చూసి, సంగతి అర్థమై తల కొట్టుకున్నాడు. తర్వాత ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాడు. నా ముక్కకి అంత పొడుగు అనువాదం ఎలా వచ్చిందో తెలియదు. ఆవిడ మొహం మాత్రం మెల్లగా విచ్చుకుంది. చివరికి నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుంది.

"ఏమంటా ఉండాదన్నా?"

"వాళ్ళ హ్యాచరీలో మందునీళ్ళ తొట్టిని దూకి పొయ్యేవాళ్ళే ఎక్కువంట. నిన్ను, బయటినుంచి తెచ్చిన రొయ్యల్ని రోగాలు అంటకుండా విడిగా పెట్టే చోట పనికి తీసుకుంటానంటా ఉండాది. ముందు బయటికి రారా సామీ!"

మా వైపు అల్లుడి కాళ్ళు కడిగి పిల్లనిస్తారు. నా కాళ్ళు నేనే కడుక్కున్నందుకు వాళ్ళు నాకు లక్షల్లో పిల్లల్నిచ్చారు. రొయ్య పిల్లల్నే లెండి.

ఇప్పుడు సొంత హ్యాచరీ ఉంది, చల్లటి గది ఉంది, మెత్తటి పరుపుంది. అలసటకైతే లోటే లేదు. డాక్టరు మాత్ర కూడా రాసిచ్చాడు. అయినా ఒక్కోసారి ఎంతసేపు పడుకున్నా కన్ను మూతపడదు. అప్పుడు, ఉన్న ఉద్యోగం వదులుకుని, రాబోయే ఉద్యోగం నీళ్ళలో పెట్టుకుని, చేపలు కాళ్ళు కొరుకుతుంటే నిలబడే నిద్రపోయిన ఆ కుర్రాడు కళ్ళముందుకొస్తాడు. నవ్వొస్తుంది. వాణ్ణి లేపబుద్ధి కాదు.