సగం విన్న జాబులు

చిత్తూరు నుంచి చెల్లెలు చిన్నమణి వస్తోందన్న నాటి నుంచి గుడియాత్తం సరసమ్మకు కడుపులో మంట. మజ్జిగ తాగితే తగ్గే మంట కాదది, ఉత్త కుళ్లు.

సరసమ్మ మొగుడు జయరామయ్య కైలీ లుంగీలు నేస్తాడు. ఆమె వసారాలో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. పదిహేనేళ్లుగా అదే బతుకు. చిన్నమణికి మాత్రం ఆఫీసు గుమాస్తా మొగుడుగా దొరికాడు. వాళ్ల పెళ్లినాటికి చిత్తూరూ గుడియాత్తమూ రెండూ మద్రాసు రాష్ట్రమే. తర్వాత చిత్తూరు ఆంధ్రలోకి పోయింది. నడుమనున్న పరదరామి ఊరు దాటితే వేరే రాష్ట్రమైంది. చెల్లెలు అక్కడ తెలుగు అక్షరాలు నేర్చుకుని జాబులు రాయడం మొదలుపెట్టింది. సరసమ్మ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది మూడు తరగతుల తమిళం.

"నేను నేర్పిస్తానక్కా, నెల రోజుల పని" అంది చిన్నమణి ఒకసారి వచ్చినప్పుడు.

తను చంకనేసుకుని మోసిన పిల్ల తనకు ఓనమాలు దిద్దించడమా! "నాకెప్పుడో వచ్చు పో" అనేసింది సరసమ్మ. ఆ ఒక్క అబద్ధం నిలబెట్టుకోవడానికి, జాబు వచ్చినప్పుడల్లా కొంగుచాటున దాచుకుని, తెలుగు చదవనొచ్చిన చెంగల్రాయుడి అంగడికి పరుగెత్తేది. ఆయనే చదివేవాడు, ఆయనే బదులు రాసేవాడు. "నీ దస్తూరి ముత్యాల మాదిరి ఉండాదక్కా" అని చెల్లెలు మెచ్చుకుంటే సిగ్గులేకుండా ఆ మెప్పూ పుచ్చుకుంది.

ప్రతి జాబులోనూ మొదట క్షేమం, తర్వాత ఇంటి సంగతులు. కరెంటు దీపాలు పెట్టించారని ఒకసారి, మిద్దె వేశారని ఒకసారి. అంతవరకు వినేసరికే సరసమ్మ మొహం మాడిపోయేది. "సాలప్పా సాలు, ఇట్లా ఇచ్చెయ్" అని లాక్కునేది. "ఇంకా ఉండాది గదమ్మా" అని ఆయన అన్నా వినేది కాదు. పోయిన నెల జాబైతే, "ఇంట్లోకి రేడియో వచ్చింది" అన్నచోటే ఆగిపోయింది.

"అడుగున, మీ ఊరికి వస్తానని ఏందో రాసినట్టుండాది. దానికన్నా బదులు చెప్పు తల్లీ" అన్నాడు చెంగల్రాయుడు.

"వచ్చి నాలుగు రోజులుండి ఊళ్లు చూసి పొమ్మని రాయప్పా" అంది సరసమ్మ.

చెల్లెలు వచ్చింది. బస్సు దిగిన మనిషి బాగా సన్నబడి ఉంది. సన్నబడడం కూడా చిత్తూరు షోకే కాబోలు అనుకుంది సరసమ్మ. పక్కింటి రాజాంబాళ్ వచ్చి, "మీ చెల్లెలు దొరసాని మాదిరి ఉండాదే!" అని పోయాక, ఆ పూట వంకాయ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. చిన్నమణి అంతా తినేసింది.

మర్నాడు గంగమ్మ గుడికి పోయి వచ్చాక చిన్నమణి రాట్నం ముందు కూర్చుని నాలుగు కండెలు చుట్టింది. "చెయ్యి మరిచిపోలేదే!" అన్నాడు జయరామయ్య. ఇన్నేళ్లలో పెళ్లాం చుట్టిన కండెను ఆ మహానుభావుడు ఒక్కనాడైనా మెచ్చుకున్నాడా!

"ఈ పని చేసుకుంటా ఈడే ఉండిపోవచ్చు గదా బావా" అంది చిన్నమణి.

మిద్దెలో రేడియో వినే మనిషికి తన రాట్నం ఎకసక్కెమైపోయిందని సరసమ్మ పళ్లు నూరుకుంది.

మూడోనాడు వేలూరు కోట చూడబోయారు. కందకం దాటి లోపలికి పోతే గుడి ఉంది గానీ, ఎన్నడో యుద్ధాల కాలంలో తీసేశారట, గర్భగుడిలో దేవుడు లేడు. ఆ ఖాళీ చీకటికి చిన్నమణి చేతులు జోడించి ఎంతసేపటికీ కదల్లేదు.

"యాడుండాడని మొక్కతావు మే?" అంది సరసమ్మ.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక చిన్నమణి మెల్లగా, "జాబులో అడిగినదానికి నువ్వు నోరు తెరిచి ఏమీ చెప్పలేదే అక్కా" అంది.

ఏమడిగిందో సరసమ్మకు తెలియదు. రేడియో గురించి తన నోట మెప్పు వినాలనుకుంటోంది కాబోలు అనుకుంది. "చెప్పేదేముండాది? నీకు కలిగింది, నువ్వు అనుభవించు. నన్నడగొద్దు" అని విసిరికొట్టింది.

 తిరుగు బస్సులో చిన్నమణి కిటికీ వైపు తిరిగే కూర్చుంది. సరసమ్మకు మొదటిసారి ఇన్నాళ్ల మంట కాస్త చల్లబడింది. చల్లబడిందని సంతోషించింది కూడా.

నాలుగోనాడు పొద్దున వాకిట్లో జట్కా ఆగింది. జయరామయ్య పెట్టె ఎక్కించాడు. చిన్నమణి అక్క కాళ్లకు దండం పెట్టి లేచింది.

"అన్నీ చదివి కూడా అట్లా అన్నావంటే ఇంక నాకు తోవ లేదు. ఇంకెప్పుడూ రాయనులే అక్కా" అంది.

అది మిద్దెలో రేడియో వినే మనిషి గొంతు కాదు. తెలుసునన్నట్టు తలాడిస్తే చాలు, గుట్టు బయటపడదు. జట్కా కదిలిపోతుంది. ఆ తర్వాత చెల్లెలు ఉండదు.

గబగబా లోపలికి పోయింది. దూలానికి వేలాడే ఇనపతీగకు గుచ్చిన జాబులన్నీ లాగి తెచ్చి చిన్నమణి చేతుల్లో కుక్కింది.

"నాకు చదవను రాదు మే. అంగట్లో చదివించుకున్నా. అదీ సగమే."

"సగమేంది?"

"నీ బాగు వినలేక సాలన్నా. కుళ్లు పట్టింది నాకు. నువ్వే చదువు."

 చిన్నమణి గడప మీదే కూర్చుని పోయిన నెల జాబు విప్పింది.

"ఇంట్లోకి రేడియో వచ్చింది. ఆయన తెచ్చి పెట్టుకున్న ఆమె పాటలు వింటుందని కొన్నారు. ఏడాదిగా నేను వంటింట్లో పడుకుంటున్నాను. నీ వసారాలో ఇంత చోటిస్తే కండెలు చుట్టుకుని బతుకుతాను. నువ్వు ఉండమంటే ఉంటాను, లేదంటే నాలుగు రోజులుండి పోతాను అక్కా."

జట్కావాడు కేకేశాడు. సరసమ్మ వాకిట్లోకి పోయి, పెట్టె దించమని మొగుడితో చెప్పింది. తిరిగొచ్చి చెల్లెలి పక్కన కూలబడి, అన్నిటికంటే పాత జాబు తీసి చేతికిచ్చింది.

చిన్నమణి ఒక్కో జాబూ చదివింది. మిద్దె సంగతి దాటింది, కరెంటు దీపాల సంగతి దాటింది. పొద్దు నడినెత్తికి వచ్చినా సరసమ్మ సాలు అనలేదు.