చిమిండైంగ్ రేవుకు కొట్టుకొచ్చిన చెట్టు

నిన్న మింగళాడోన్ వెళ్ళే బస్సులో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. కెనడాలో దట్టమైన అడవి, మధ్యలో నది. ఒకప్పుడు ఆ నీటిలో దుంగలు తేల్చి తీసుకెళ్ళేవారట. ఇప్పుడు ఆ చోటును పార్కుగా కాపాడుతున్నారు. చూస్తుంటే ఎక్కడినుంచో తడి టేకు వాసన ముక్కుకు తగిలింది.

చిమిండైంగ్ పేటలో నాతో పెరిగిన నేస్తాలూ, మన నది రేవులో ఆగే, టేకు దుంగలు తాళ్ళతో కట్టిన తెప్పలు గుర్తున్నాయా? వాటి మీద గుడిసె, పొయ్యి, ఆరేసిన లుంగీలు!

నా చిన్నప్పుడు ఒకరోజు అమ్మ రేవులో బట్టలు ఉతుకుతుంటే తెప్ప తాడు తెగింది. ఏనుగంత దుంగ ఒకటి మా మీదికే వచ్చింది.

"ఓలమ్మో, రాయే ఇటు!" అంటూ అమ్మ నన్ను ఒడ్డు మీదికి లాగేసింది. దుంగ బురదలో గుచ్చుకుని ఆగింది. కాళ్ళ కింద నేల అదిరింది.

నేను ఏడుపు లంకించుకున్నాను. ఊరు దాటి ఎరగని అమ్మ మాత్రం దగ్గరికెళ్ళి, చేతులు చాచి దాన్ని వాటేసుకోబోయింది. సగం కూడా అందలేదు. అలాగే చెంప ఆనించి, నది వచ్చే వైపు చూస్తూ మెల్లగా అంది:

"పడుకున్న సెట్టే ఇంతుంటే, నిలబడితే ఇంకెంతుంటాదే!"