బాపు కొన్న గోధుమలు

మా బాపు ముప్పై ఆరేళ్లు నారాయణఖేడ్ మార్కెట్ యార్డులో దడ్వాయిగా పనిచేశాడు. రైతులు తెచ్చిన ధాన్యాన్ని కాంటా మీద తూచే పని అది. నాగల్‌గిద్ద కందులు, కల్హేర్ వడ్లు, శనగలు, జొన్నలు, యాసంగిలో కొద్దిపాటి గోధుమలు, అన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్లేవి. ఎన్ని వేల సంచులు తూచాడో ఆయనకే తెలియదు. అందులో ఒక్కటి కూడా ఆయనది కాదు. మాకు పొలం లేదు. ఇంట్లోకి కావలసిన గింజలు పదికిలోలో ఇరవైకిలోలో కొనుక్కునేవాళ్లం.

నేను ఇదే ఊళ్లో జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. రెండేళ్ల కింద వానాకాలంలో, వాయిదా ఒప్పందాల గురించి, వాటిని కొని పెట్టుకునే ఫండ్ల గురించి బోర్డు మీద రాస్తున్నాను. సిర్గాపూర్ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి, "మేడం, మీరెప్పుడన్న గివి కొన్నరా?" అని అడిగింది. వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "లేదమ్మా" అన్నాను. పదకొండేళ్లుగా అదే పాఠం చెబుతూ, ఒక్కసారైనా కొని చూడలేదు. ఆ పూట ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ వారంలోనే విదేశీ షేర్లు కొనే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. మన దగ్గర గోధుమల వాయిదా వ్యాపారం ఆపి ఉంచారు కాబట్టి అమెరికా మార్కెట్లో దొరికే గోధుమల ఫండు ఒకటి ఎంచుకున్నాను. షేరులాగే కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. దాని వెనకాల సంచులేమీ ఉండవు. ఇన్ని నెలల తర్వాత, ఇంత ధరకు, ఇంత గోధుమ అనే ఒప్పందాలే ఉంటాయి. ఐదు యూనిట్లు కొన్నాను.

వాళ్ల మార్కెట్ మనకు సాయంత్రం ఏడింటికి తెరుస్తారు. సరిగ్గా బాపు రొట్టె తినే వేళ. నేను ఫోన్లోంచి తల ఎత్తకపోవడం రెండు రోజులు చూసి, మూడో రోజు అడిగాడు.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా గంత సేపటి సంది?"

"గోధుమలు కొన్న బాపూ. ధర చూస్తున్న."

రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది. "గోధుమలా? ఎన్ని సంచులు? యాడ దించిన్రు?"

"సంచులు లేవు. ఫోన్లనే కొన్న. అమెరికా గోధుమలు."

"ఫోన్లనే కొన్నవ్, మంచిది. మాల్ యాడున్నది?"

"మాల్ ఉండది బాపూ."

ఆయన తుంచిన ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. "మరి తూకం ఎవరేసిన్రు?" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆయనకు కోపం రాలేదు గానీ, ఆ ప్రశ్నను మాత్రం వదల్లేదు. మర్నాడు పొద్దున్నే మా గల్లీ చివర పిండి గిర్నీ నడిపే, నేను పిన్ని వరసలో ఖాలా అని పిలిచే ఆమె దగ్గరికి వెళ్లి కథంతా చెప్పాడు. బాపు యార్డులో చేరిన కొత్తలోనే ఆమె గిర్నీ పెట్టింది. ఇద్దరికీ అప్పటి నుంచి స్నేహం. ఆయన ఆమెను అక్కా అన్నట్టు ఆపా అంటాడు. ఆమె ఆయన్ను భాయీ అంటుంది. ఆదివారం నేను గోధుమలు పట్టించడానికి వెళ్తే, ఖాలా గల్లీ మొత్తం వినేట్టు అడిగింది.

"ఏం బేటీ, మీ అమెరికా గేహూ మా గిర్నీకి ఎప్పుడొస్తయి? ముందుగాల చెప్పు, కొత్త బెల్టు ఏపిస్త!"

దసరా దాటాక గోధుమల ధర పెరిగిందని వార్తల్లో వచ్చింది. సంబరంగా యాప్ తెరిస్తే, ధర పెరిగినంతగా నా యూనిట్లు పెరగలేదు. నిజానికి సగం కూడా పెరగలేదు. నేను విసుక్కుంటుంటే బాపు పక్కన కూర్చుని, "ఎందుకు పెరగలె? అడుగు వాళ్లను" అన్నాడు. అడగడానికి ఎవరూ లేరు. నేనే చదివి, చదివింది ఆయనకు చెప్పాను. ఫండు దగ్గరున్న ఒప్పందం గడువు దగ్గర పడగానే దాన్ని అమ్మేసి, తర్వాతి గడువుది కొంటారు. ఆ దూరపు గడువు గోధుమ ఈ మధ్య కొంచెం ఎక్కువ ధరలో ఉంది. అందుకని అమ్మిన డబ్బుకు కాస్త తక్కువ గోధుమే వస్తుంది. మార్చినప్పుడల్లా అంతే.

బాపు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విని, "గంతే గదా" అన్నాడు.

"గంతే గదా అంటవేంది బాపూ?"

"ఇయ్యాల మాల్ ఇయ్యాలంటె ఒక ధర. ఆరు నెలలు దాచి ఇయ్యాలంటె ఇంకో ధర. దాచినోడికి గోదాం కిరాయి పడ్తది. పురుగు మందు కొనాలె. ఎండి తూకం తగ్గుతది. గదంత ఎవలు భరిస్తరు? నువ్వే భరియ్యాలె. గది తరుగు బిడ్డా. తరుగు లేని మాల్ నేనెన్నడు చూడలె."

మా పుస్తకంలో నాలుగు పేజీలున్న విషయం అది. మర్నాడు క్లాసులో ఆ నాలుగు పేజీలు పక్కన పెట్టి, బాపు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. తరుగు అనే మాట వినగానే సిర్గాపూర్ అమ్మాయి "ఓ, గట్లనా!" అని పైకే అనేసింది. వాళ్ల నాన్న శనగలు అమ్మిన ప్రతిసారీ ఇంట్లో వినే మాటే కదా.

నెల తర్వాత ఒకరోజు బాపు నా దగ్గరికొచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"నా పేరు మీద ఒక్కటి వస్తదా బిడ్డా?"

"నావి ఉన్నయి గదా బాపూ."

"నీయి నీయే. నాకొకటి గావాలె. అందరి మాల్ తూచిన. గిది నాది అనుకుంట ఎన్నడు తూచలె."

మర్నాడే బ్యాంకు కాగితాలు, పాన్ కార్డు, ఆధార్ అన్నీ సర్దాను. చివర్లో యాప్‌కు ముఖం చూపించే వీడియో ఒకటి ఇవ్వాలి. అందుకోసం బాపు గడ్డం గీయించుకుని, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఖాలా గిర్నీ కాసేపు ఆపి చూడటానికి వచ్చింది. "షాదీకి పోతున్నవా భాయీ?" అంది. తల కుడికి తిప్పమంటే తిప్పాడు, కళ్లు ఆర్పమంటే ఆర్పాడు. ఎవరూ అడగకుండానే ఫోనుకు దండం కూడా పెట్టాడు.

తర్వాత చేసే పని ఏమిటని అడిగింది యాప్. ఉద్యోగి, రైతు, వ్యాపారి, రిటైర్డ్ అని వరుసగా ఉన్నాయి.

"రిటైర్డ్ పెట్టనా?"

"రిటైర్ ఎవడైండు? కరెంటు కాంటా వచ్చింది, నేను ఇంటికొచ్చిన. గంతే."

చివర్లో 'ఇతరములు' అని ఉంది. నొక్కితే రాసుకోవడానికి ఖాళీ గడి వచ్చింది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో దడ్వాయి అని కొట్టాను. యాప్ కాదనకుండా తీసుకుంది. బాపు ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "నా పని పేరు అమెరికోల్లు చదువుతరా?" అని అడిగాడు.

"చదువుతరు బాపూ."

"చదవనీ" అని రుమాలు సర్దుకున్నాడు.

ఖాతా తెరుచుకున్న రోజు కొనే బటన్ ఆయన్నే నొక్కమన్నాను. ఏళ్ల తరబడి గోనెలు పట్టి గరుకుతేలిన వేలు అది. ఫోను దాన్ని గుర్తుపట్టలేదు. వేలు తుడుచుకుని మళ్లీ నొక్కాడు. మూడోసారికి, కొనుగోలు పూర్తయిందని పచ్చగా వచ్చింది. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి లెక్కను ఒకటి అనరు, లాభం అంటారు. బాపు లేచి నిలబడి, యార్డు అవతలి గేటు దాకా వినిపించే తన పాత గొంతుతో "లాభం!" అని కేక పెట్టాడు. పక్కింటివాళ్లు ఏమైందోనని గోడ మీంచి తొంగి చూశారు.

వేసవికి కొత్త సంగతి మొదలైంది. అక్కడ గోధుమలు పండే చోట వాన లేదని, ధర పెరుగుతోందని వార్త. నా యూనిట్లు, ఆయన యూనిట్ రెండూ పెరిగాయి. నేను సంతోషంగా చెబితే బాపు, "అమెరికోల్లకు వాన లేదా? గింజ పాలు పట్టే టైం గదా" అన్నాడు. ఆ రోజు నుంచి ముందు వాన గురించి అడిగేవాడు, తర్వాతే ధర. నేను ఫోన్లో ఆ దేశపు మబ్బుల బొమ్మ చూపించేదాన్ని. దేవుడి పటాన్ని చూసినంత శ్రద్ధగా దాన్ని చూసేవాడు.

మే నెలలో ఒక సాయంత్రం ఫోన్ తెరిస్తే అంతా ఎర్రగా ఉంది. ఎలా చెప్పాలా అనుకుంటూనే చెప్పాను. "బాపూ, ఆడ వాన పడ్డది. నీ గోధుమ ధర దిగింది."

"పడ్డదా? మంచిగ పడ్డదా?"

"రెండు రోజుల సంది పడుతున్నదట."

"దిగనీ బిడ్డా, దిగనీ! గింజ నిండుతది" అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టి గల్లీలోకి నడిచాడు. "ఆపా! అమెరికాల వాన పడ్డది!" అన్న కేక ఇంట్లోకి వినిపించింది. గిర్నీ మోత ఆగింది. "ముబారక్ భాయీ!" అంది ఖాలా. "ఉత్త మాటలేనా? మిఠాయి ఏదీ?"

బాపు చౌరస్తా దాకా వెళ్లి వేడి జిలేబి తెచ్చాడు. జొన్నపిండి తెల్లగా పేరుకున్న ఆ గిర్నీ గడపలో నిలబడి, పాకం మోచేతుల దాకా కారుతుంటే, ముగ్గురం తిన్నాం.