అన్నయ్య చూపించనిది

నిన్న సాయంత్రం మా సూరత్ ఫ్లాట్లో టీవీ పెడితే, జనం లేని మైదానంలో క్రికెట్ ఆడుతున్నారు, ఖాళీ కుర్చీల మీదుగా ఎప్పుడో రికార్డు చేసిన చప్పట్లు వినిపిస్తున్నాయి. అన్నయ్య చూస్తే ఎంత తిట్టేవాడో అనుకుంటూ పక్క కుర్చీ వైపు తిరిగి, ఆయన పోయి ఆరు నెలలైందని గుర్తొచ్చి కట్టేశాను.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వీధికొక్క టీవీ ఉన్న రోజుల్లో, ఎక్కడో జరుగుతున్న ఆటను జరుగుతుండగానే చూడటం ఎంత వింతో. అలా చూపించడం మన దేశంలో మొదలుపెట్టిన కొద్దిమంది ప్రొడ్యూసర్లలో మా అన్నయ్య ఒకడు. మైదానం బయట వ్యానులో కూర్చుని, నాలుగు కెమెరాల్లో దేశమంతా ఏది చూడాలో క్షణంలో తేల్చేవాడు. ఆ పనిలో పడి నా పెళ్ళికి రాలేదు, నాన్న పోయినప్పుడు పదోరోజుకు గాని చేరలేదు. చాలా ఏళ్ళు ఆయన మీద అలిగాను, దాచుకోవడమెందుకు. వదిన పోయాక, ఈ పక్కనే హజీరా ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి ఇక్కడే స్థిరపడిన నా దగ్గరికొచ్చాడు. డుమస్ బీచికి వెళ్ళి టమాటా భజియాలు తింటూ, నలభై ఏళ్ళుగా చెప్పుకోని కబుర్లు మొదలుపెట్టామో లేదో, కరోనా వచ్చి పడింది, అన్నయ్యకు సోకింది.

ఆసుపత్రిలోకి మమ్మల్ని రానివ్వలేదు. మగ్గాల మిల్లు మూతపడి వార్డులో పనికి చేరిన తెలంగాణ ఆయనొకడు, ఈ ఊళ్ళోనే వడోద్‌లో ఉంటాడు, రోజూ ఫోనులో అన్నయ్యను చూపించేవాడు. ఆరోరోజు ముఖం సరిగ్గా కనబడకముందే, "సారూ, పెద్దసారు ఫోన్ గటు తిప్పమని చెయ్యి ఊపుతున్నడు, ఏం జెయ్యమంటరు?" అని అడిగాడు. ఆయన చెప్పినట్టే చెయ్యమన్నాను. ఇచ్చిన నాలుగు నిమిషాలూ ఫోనులో వార్డు కిటికీ పరదా చూస్తూ కూర్చున్నాను. తెల్లవారేసరికి కబురొచ్చింది. సంచీలో చుట్టి తీసుకెళ్ళారు, ముఖం చూడనివ్వలేదు.

ఎందుకు తిప్పమన్నాడో నాకు తెలుసు. ఆటగాడెవరైనా దెబ్బ తగిలి పడిపోతే, లేచేదాకా అన్నయ్య ఆ ముఖం చూపించేవాడు కాదు, ఇంటి దగ్గర వాళ్ళ వాళ్ళు చూస్తుంటారు, లేచాక చూపిద్దాం అని కెమెరాను జనం వైపు తిప్పించేవాడు. ఇప్పుడైతే పడ్డవాడి మూలుగు కూడా వినిపించి, అదే పదిసార్లు వేస్తున్నారు. అన్నయ్య పద్ధతే మర్యాదని అందరితో అంటూనే ఉన్నాను గాని, ఆయన లేవలేదు, నేను చూడలేదు. ఆ ఒక్కసారికి ఆయన మాట వినకుండా, ముఖం వైపే పెట్టవయ్యా అని ఉంటే బాగుండేదని రోజూ అనిపిస్తుంది.