ఇశ్రాయేలు విప్పిన కంప్యూటరు

ఆదోని బస్టాండు వెనక వీధిలో ఇశ్రాయేలు రేడియో కొట్టుకు బోర్డు లేదు. దాని అవసరమూ రాలేదు. ఎవరిని అడిగినా "ప్రార్థన చేసి రేడియో విప్పుతాడే, ఆయప్ప అంగడేనా?" అని దారి చూపించేవారు. మాట నిజమే. స్క్రూడ్రైవరు చేతికి తీసుకోగానే అతను ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. పని నేర్పిన బసప్ప విభూతి పెట్టుకోనిదే పనిముట్టు ముట్టేవాడు కాదు. ఆ అలవాటే శిష్యుడికి ఇంకో దారిలో వచ్చింది.

ఎనభై ఏడులో ఒక గురువారం మధ్యాహ్నం బస్సు కండక్టరు ఒక చీటీ తెచ్చి ఇచ్చాడు. ఎమ్మిగనూరులో లెక్కలు చెప్పే నరహరి మాస్టారు రాసినది. "కంప్యూటరు సరిగా మొదలు కావడం లేదు. రేపు పది గంటలకు బడిలో ప్రదర్శన. నువ్వు తప్ప నాకు తెలిసినవాళ్లు లేరు."

కంప్యూటరును ఇశ్రాయేలు పేపర్లో బొమ్మగా తప్ప చూడలేదు. కానీ తను పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు, సాయంత్రాలు తన అరుగు మీద కూర్చోబెట్టుకుని, మళ్లీ పరీక్ష రాయించి గట్టెక్కించింది ఆ మాస్టారే. అప్పటికప్పుడు కొట్టు మూసి బస్సెక్కాడు.

మాస్టారు వీధి వాకిట్లోనే నిలబడి ఉన్నారు.

"వచ్చినావా తండ్రీ! రా రా. బెంగళూరు నుంచి మా బావమరిది దత్తాత్రేయ నాలుగు రోజులకని ఇచ్చినాడు. నిన్న చక్కగా ఆడింది. ఈ పొద్దు చూడు దీని వేషం."

బల్ల మీద టైపు మిషను మీటలున్న చిన్న పెట్టె ఉంది. దాన్నుంచి టీవీకి ఒక తీగ, టేప్‌రికార్డరుకు ఒక తీగ. మాస్టారు స్విచ్చి వేశారు. టీవీ తెర వెలిగింది. వెలిగిన మరుక్షణం ఒకే ఇంగ్లీషు అక్షరం చీమల బారులా వరస కట్టి, తెరంతా నిండిపోయింది. తక్కిన మీటలు ఎన్ని నొక్కినా లెక్కచేయలేదు.

"మూడొందల మంది పిల్లలప్పా. ఆస్పరి బడి నుంచి కూడా వస్తాండారు. మిషను లెక్క చేస్తుంది, కళ్లారా చూడండని చెప్పినా. ఇప్పుడు ఏం చూపించాల, నా ముఖమా?"

"మీ ముఖం సూసినా లెక్కలు గుర్తొచ్చి భయపడతారులే సార్," అన్నాడు ఇశ్రాయేలు.

మాస్టారికి నవ్వొచ్చింది గానీ, నిలవలేదు.

బసప్ప దగ్గర నేర్చిన పద్ధతి ఒకటే. తప్పు లేనివాటిని ఒక్కొక్కటిగా పక్కకు పెడుతూ పోతే, తప్పు చేసింది ఒంటరిగా మిగులుతుంది. ఇశ్రాయేలు ముందు కరెంటు చూశాడు. బాగానే ఉంది. టేప్‌రికార్డరు తీగ పీకేశాడు. అదే వరస. టీవీకి మళ్లీ ఆంటెనా తగిలించాడు. బొమ్మ బాగానే వచ్చింది. ఇక మిగిలింది మీటల పెట్టె.

దాన్ని ఆపి, మళ్లీ స్విచ్చి వేశాడు. ఇంకోసారి ఆపి, మళ్లీ వేశాడు. నాలుగోసారి తెరను చూస్తూ ఉండిపోయాడు.

"సార్, ఎన్నిసార్లు ఏసినా అదే అచ్చరం వస్తాంది. మిషనుకు పిచ్చి పడితే సారికొకటి రాయాల గదా? ఎవురో దీన్ని నొక్కిపట్టుకోనుండారు."

"ఎవరు, దయ్యమా?"

"దయ్యమైతే మా పాస్టరును పిల్సాల. ముందు నన్ను సూడనియ్యండి."

పెట్టెకు చెవి ఆనించి మీటలు వరసగా నొక్కాడు. ప్రతి మీటా వేలి కింద టిక్కుమంటూ దిగుతోంది, టిక్కుమంటూ లేస్తోంది. ఆ ఒక్క అక్షరం మీట మాత్రం మూగది. దిగదు, లేవదు.

"విప్పాల సార్. నేనెప్పుడూ ఇట్లాంటిది విప్పలేదు. చెడిపోతే?"

"విప్పొద్దని దత్తాత్రేయ మరీ మరీ చెప్పిపోయినాడు." మాస్టారు గోడవైపు తిరిగారు. "నేను చూడలేదు. నువ్వు విప్పు."

ఇశ్రాయేలు కళ్లు మూసుకుని తెరిచాడు. అడుగున మరలు తీసి పై మూత ఎత్తాడు. ఆ మూగ మీట పక్క సందులో ఎర్రని బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. పసుపూ సున్నమూ కలిస్తే వచ్చే ఎరుపు. దాన్ని సూదితో నెమ్మదిగా బయటికి తీశాడు.

మాస్టారు ఇటు తిరిగి ఆ గింజను చూశారు. తర్వాత లోపలి గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో వాళ్లమ్మ తులసీబాయి నిలబడి ఉంది.

"అమ్మా! ఇదేమన్నా దేవుడి పటమా అక్షతలు వెయ్యనీకి?"

"పొద్దున మంత్రాలయం నుంచి వచ్చినవాళ్లు రాయర మఠం మంత్రాక్షత ఇచ్చినారురా," అంది ఆవిడ, వినిపించీ వినిపించనట్టు. "ముందు నీ మిషనుకే వేసినా. అంతమంది ముందర నువ్వు నగుబాటు కాకూడదని."

మాస్టారు నోరు తెరిచారు. ఇశ్రాయేలు అడ్డం పడ్డాడు.

"మా యమ్మ మద్దమ్మ మాత్రం తక్కువ తిన్నాదా సార్? నేను అంగడి తెరిసిన పొద్దు, ప్రార్థన సేసిన నూనె తెచ్చి ఉన్న రేడియోలకంతా పూసింది. ఊరోళ్ల రేడియోలు! ఆర్నెల్లు తుడిసినా. ఆ నూనె వాసనకే గిరాకీ వచ్చిందని ఇప్పటికీ సెప్తాది."

ముందు తులసీబాయి నవ్వింది. ఆ తర్వాత మాస్టారు నవ్వక తప్పలేదు.

గింజ నేల మీద పడకూడదు గదా అని ఇశ్రాయేలు దాన్ని కాగితం ముక్కలో పెట్టి ఆవిడకు అందించాడు. ఆవిడ కళ్లకద్దుకుంది.

మూత బిగించి స్విచ్చి వేశాడు. తెర మీద ఒక చిన్న మాట వచ్చి, దాని పక్కన గీత ఒకటి మినుకు మినుకుమంటూ నిలిచింది. మాస్టారు కుర్చీ లాక్కుని పన్నెండును పదమూడుతో హెచ్చవేయించారు. నూట యాభై ఆరు. ఆయన పెదాలు ఆ అంకెను రెండుసార్లు పలికాయి.

తులసీబాయి తమ ఇంటి కంచంలోనే బొరుగుల ఉగ్గాని పెట్టి తెచ్చింది. "మా ఇంట్లో ఉల్లిపాయ వెయ్యం నాయనా. చప్పగుంటే తిట్టుకోవద్దు."

"రెండోసారి పెట్టండమ్మా, అప్పుడు సెప్తా," అన్నాడతను. ఆవిడ పెట్టింది. పెడుతూ గొంతు తగ్గించి, "మరి అక్షతలు యాడ వేసేది?" అని అడిగింది.

"పైన గుడ్డ కప్పినాక ఎన్నైనా ఏసుకోండి."

మర్నాడు మిషను మళ్లీ మొరాయిస్తుందేమోనని ఇశ్రాయేలు మొదటి బస్సుకే వచ్చి, బడిలో బల్ల పక్కన నిలబడ్డాడు. పదకొండింటికి కరెంటు పోయింది. పిల్లలంతా "అయ్యో" అన్నారు. పావుగంటకు కరెంటు వచ్చింది. ఇశ్రాయేలు స్విచ్చి వేశాడు. తెర తేటగా వెలిగి, గీత మినుకుమంది. పిల్లల చప్పట్లకు కిటికీ మీద పావురాలు లేచిపోయాయి.

మధ్యాహ్నం, మీట నొక్కి చూడడానికి కట్టిన వరసలో, చిన్న తరగతి పిల్లల నడుమ తులసీబాయి కనిపించింది. కొడుకు పిలిచినా ముందుకు రాలేదు, తన వంతు వచ్చేదాకా ఆగింది. బల్ల దగ్గరికి వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏది నొక్కాల ఇశ్రాయేలూ?"

"మీ ఇష్టమమ్మా, ఏదైనా."

ఆవిడ ఒక మీటను నొక్కి, చటుక్కున వేలు తీసేసింది. తెర మీద ఒక అక్షరం పడింది. ఒక్కటే. ఆవిడ దాన్ని చూస్తూ నిలబడింది.

"అవ్వా, జరుగు! మా వంతు!" అని వెనక పిల్లలు గోల మొదలుపెట్టారు.