అవ్వ మానేసిన కాఫీ

తొంభైల్లో ఒకసారి పెనుకొండ స్టేషన్లో కాఫీ కొన్నాను. దాని పొగకు రైలింజనే సిగ్గుపడాలి. ఎదుటి సీట్లో మోర్మన్ మత ప్రచారకుడు, ఇరవయ్యేళ్ల తెల్లబ్బాయి. అతని టై హిందూపురం దాకా వేలాడుతోంది. కప్పు అందిస్తే దండం పెట్టి, అచ్చం సీమ యాసలో చెప్పాడు.

"మా మతంలో తాగకూడదు సార్. ధర్మవరంలో ఒక అవ్వకు పాఠాలు చెప్తాంటి. నా మాట ఒకటీ నమ్మలే. కాఫీ మాత్రం మానేసింది."

"ఎందుకబ్బా?"

"ఇంటికొచ్చినోడు తాగంది నేనెట్ల తాగేదప్పా అనింది. నేనెప్పుడొస్తానో తెలీదని పూర్తిగా మానేసింది. కాఫీ అంటే ప్రాణం ఆమెకు. ఇప్పుడు నన్ను బెంగళూరుకు మార్చినారు. చెప్పిపోదామని పోతే ఇంటికి తాళమేసి ఉండాది."

కాఫీ కిటికీలోంచి పారబోయబోయాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్. నా ముందర మీరన్నా తాగండి."

చివరి చుక్కదాకా తాగాను. అతను చూస్తూనే ఉన్నాడు. ఎంత తాగినా నేను ఆ అవ్వను కాలేకపోయాను.